విప్పడానికి వీలైనదే ఎంచుకోండి: ఎండల ఊళ్ళో అల్లిక మొదలుపెట్టేవారికి

కర్నూలు బజారులో ఊలు ఉండలు డిసెంబరులో బయటికి వస్తాయి. ఫ్యాన్సీ షాపుల గుమ్మాల దగ్గర ప్లాస్టిక్ సంచుల్లో ఎరుపు, నీలం, చిలకపచ్చ రంగుల్లో వేలాడుతుంటాయి. సంక్రాంతి దాటితే మళ్ళీ అటకెక్కుతాయి. మనలో చాలామందికి అల్లిక నేర్చుకోవాలన్న ఉత్సాహం కూడా సరిగ్గా ఆ నెల రోజులే ఉంటుంది. నేనూ అలాగే మొదలుపెట్టాను. తెల్లవారుజామున నడకకు వెళ్ళే మా నాన్నగారికి మఫ్లర్ అల్లుదామని రెండు నల్ల ఊలు ఉండలు, తళతళలాడే అల్యూమినియం సూదుల జత కొన్నాను. ముప్పై కుట్లతో మొదలైన మఫ్లర్ మూరెడు వచ్చేసరికి నలభై ఒక్క కుట్లయింది. కింద సన్నగా, పైన వెడల్పుగా విసనకర్రలా తయారైంది. తప్పెక్కడుందో చూద్దామంటే నల్ల దారంలో ఏమీ కనబడదు. సగం విప్పుదామని సూది లాగితే ఉచ్చులు ఎటువి అటు జారిపోయాయి.

అప్పటినుంచి అల్లిక సామాను ఏది కొనాలన్నా, ఏ పద్ధతి ఎంచుకోవాలన్నా నాది ఒకటే ప్రశ్న. తప్పు కంటికి కనబడుతుందా? విప్పితే తేలిగ్గా వస్తుందా? కొత్తగా నేర్చుకునేవారు మొదటి రెండు నెలల్లో అల్లేదానికన్నా విప్పేదే ఎక్కువ. అందం, ధర, ఎవరెవరో పెట్టిన ఫొటోలు, అన్నీ ఆ తరువాతే.

రెండు సూదులా, ఒక కొక్కెమా?

నా ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెబితే ఇక్కడ గెలిచేది క్రోషా. కొక్కెం సూదితో అల్లేటప్పుడు ఏ క్షణంలోనైనా విడిగా ఉండేది ఒక్క ఉచ్చే. దారం లాగితే ఎక్కడిదాకా కావాలంటే అక్కడిదాకా విడిపోతుంది. మళ్ళీ ఆ ఒక్క ఉచ్చులో కొక్కెం పెట్టి కొనసాగించవచ్చు. నరసాపురం లేసు చూసినవారికి ఆ కొక్కెంతో ఎంత సన్నని పని చేయవచ్చో చెప్పనక్కరలేదు. టేబుల్ క్లాత్, సంచి, పూలు, బొమ్మలు, తలుపు తోరణం వంటివి మీ మనసులో ఉంటే క్రోషాకే వెళ్ళండి. ఇక్కడితో చదవడం ఆపేసినా నేనేమీ అనుకోను.

రెండు సూదుల అల్లికలో వరస మొత్తం, అంటే ముప్పై కుట్లయితే ముప్పై ఉచ్చులూ, సూది మీద తెరిచే ఉంటాయి. ఒకటి జారితే కింది వరసల్లోకి నిచ్చెనలా దిగిపోతుంది. అయినా దీన్ని నేర్చుకోవాల్సిన కారణం ఒకటుంది. ఎమ్మిగనూరు మగ్గం దుప్పటిని అడ్డంగా లాగి చూడండి, సాగదు. బనియన్‌ను లాగండి, సాగి మళ్ళీ వెనక్కి వస్తుంది. బనియన్ కూడా ఇదే అల్లిక, కాకపోతే యంత్రం అల్లింది. ఒంటికి పట్టి ఉండాల్సిన టోపీ, మేజోడు, స్వెట్టర్ మెడపట్టీ రెండు సూదులతోనే బాగా వస్తాయి. క్రోషా గుడ్డ మందంగా, కాస్త బిరుసుగా ఉంటుంది, దారం కూడా ఎక్కువే తింటుంది. తొడుక్కునేవి కావాలంటే సూదులు, ఇంట్లో అలంకరించుకునేవి కావాలంటే కొక్కెం. రెండూ ఒకేసారి మొదలుపెట్టవద్దు.

దారం

మన షాపుల్లో ఊలు అని అడిగితే నూటికి తొంభై సార్లు చేతికి వచ్చేది అక్రిలిక్. అది గొర్రె బొచ్చు కాదు, ప్లాస్టిక్ జాతి దారం. ఆ మాట వినగానే ముఖం చిట్లించుకోవలసిన పనిలేదు. చవక, రంగు పోదు, వాషింగ్ మెషీన్‌లో వేసినా ఏమీ కాదు, కాస్త సాగుతుంది కాబట్టి బిగుతు ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ పడినా కప్పిపుచ్చుతుంది. నేర్చుకునే చేతికి ఇది పెద్ద ఉపకారం. లోపాలు రెండు. ఒకే ముక్కను నాలుగైదు సార్లు విప్పి అల్లితే నూగు లేచి పోగులు పెనవేసుకుంటాయి. రెండోది ఇంకా ముఖ్యం, పొయ్యి దగ్గర పనికిరాదు. వేడి గిన్నె తగిలితే కరిగి చేతికి అంటుకుంటుంది.

అసలు గొర్రె ఊలు విప్పే పనికి అన్నిటికన్నా మంచిది. జారిన ఉచ్చు కూడా వెంటనే కిందికి పరుగెత్తదు, పక్క పోగులను పట్టుకుని అక్కడే నిలుస్తుంది. కానీ ఏప్రిల్‌లో కర్నూలులో ఒడిలో ఊలు పెట్టుకుని కూర్చోవడం తపస్సు లాంటిది. పైగా దాన్ని వేడినీళ్ళలో నానబెట్టి బండకేసి బాదారంటే గడ్డకట్టి సగానికి కుంచించుకుపోతుంది. అనంతపురం వైపు కురుబలు నేసే కంబళ్ళ ఊలు దొరికితే దానితో అల్లవచ్చా అని ఒకావిడ నన్ను అడిగారు. అది మగ్గానికి వడికిన ముతక ఊలు. బరువుగా, గరుకుగా ఉంటుంది. కింద పరుచుకోవడానికి దివ్యంగా ఉంటుంది గాని మెడకు చుట్టుకోలేం, కొత్త వేళ్ళకు అసలే వద్దు.

ఇక నూలు. అల్లిక చలిదేశాల విద్య అని మనకు ఒక నమ్మకం. కానీ ఇప్పటిదాకా దొరికిన చాలా పాత అల్లిక ముక్కల్లో పేరుపడ్డవి ఈజిప్టు మేజోళ్ళు, వాటిని అల్లింది నూలుతోనే. పత్తి పండే నేల మీద ఉన్నవాళ్ళం, మనం నూలుతో అల్లడానికి సంకోచించడం ఎందుకు? చెమట పీలుస్తుంది, పొయ్యి దగ్గర కరగదు, ఎన్నిసార్లు ఉతికినా ఓర్చుకుంటుంది. విప్పితే నున్నగా వస్తుంది, కుట్లు స్పష్టంగా కనబడతాయి. చిక్కల్లా ఒక్కటే, సాగదు. బిగించి అల్లే అలవాటు ఉన్నవారికి అరగంటలో మణికట్టు నొప్పి పుడుతుంది. సూది మొన పోగుల మధ్యలో దూరి దారాన్ని చీల్చేస్తుంది కూడా.

ఆదోనిలో ఇంత పత్తి మార్కెట్ పెట్టుకుని అల్లిక దారానికి ఆన్‌లైన్‌లో వెతకాలా అని నాకూ ఉక్రోషమే. కానీ అక్కడ అమ్మేది గింజ తీయని పత్తి. నేతగాళ్ళ దగ్గర దొరికే నూలు చిలపలు మగ్గానికి సరిపోయేంత సన్నం. నాలుగైదు పోగులు కలిపి అల్లితే తప్ప మన సూదులకు చాలవు. కలిపి అల్లినప్పుడు ఒక్క పోగు తప్పినా ఆ వరసంతా మళ్ళీ చూసుకోవాలి. ఆరు నెలల తరువాత ప్రయత్నించండి, సరదాగా ఉంటుంది.

కాబట్టి నా ఎంపిక ఇది. మొదట లేత రంగు, మధ్యస్థపు లావు అక్రిలిక్ ఒక వంద గ్రాములు. అది కేవలం చేయి తిరగడానికి, దానితో ఏదో వస్తువు చేయాలన్న పట్టుదల పెట్టుకోవద్దు. చేయి కుదురుకున్నాక నూలుకు మారండి. లేత పసుపు, గులాబి, ఆకాశనీలం, ఏదైనా సరే. నలుపు, ముదురు నీలం మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. మెత్తగా మేఘంలా ఉండే బొచ్చు దారాలు, మధ్యమధ్యలో ముడులున్న ఫ్యాన్సీ దారాలు చూడగానే మనసు లాగుతాయి. వాటిని ఒకసారి అల్లితే విప్పడం బ్రహ్మతరం కాదు. ఒకే వస్తువుకు రెండు మూడు ఉండలు కావాలంటే లేబుల్ మీద లాట్ నంబరు ఒకటేనా అని చూసుకుని కొనండి. వేరే లాట్‌లో అదే రంగు ఒక ఛాయ తేడాగా వస్తుంది. అది షాపులో ట్యూబ్‌లైటు కింద తెలియదు, ఇంటికొచ్చి ఎండలో చూస్తే తెలుస్తుంది.

సూదులు

మన షాపుల్లో సూదులను నంబరు చెప్పి అడుగుతారు. ఆ నంబర్లు పాత ఇంగ్లండు లెక్కలోవి, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 6వ నంబరు 5 మిల్లీమీటర్లు, 8వ నంబరు 4, 10వ నంబరు 3.25. అమెరికా లెక్క దీనికి తలకిందులు, అక్కడ నంబరు పెరిగితే లావు పెరుగుతుంది, వాళ్ళ 8 అంటే 5 మిల్లీమీటర్లు. అమెరికావాళ్ళ వీడియో చూసి మన షాపులో 8వ నంబరు కొంటే గుడ్డ వాళ్ళు చూపించినదానికన్నా బిగుతుగా, చిన్నగా వస్తుంది. నంబరు గొడవ వదిలేసి మిల్లీమీటర్లలో అడగండి. నేర్చుకోవడానికి 4 మిల్లీమీటర్లు చాలు.

అల్యూమినియం సూదులు ఎక్కడైనా దొరుకుతాయి, పోనీ (Pony) బ్రాండు వంటి మన దేశపు తయారీవే ఉన్నాయి. ఏళ్ళ తరబడి మన్నుతాయి. అయితే వాటి మీద ఉచ్చులు నున్నగా జారతాయి. వేగంగా అల్లేవారికి అది సుగుణం, మనకు ప్రమాదం. మే నెలలో కరెంటు పోయినప్పుడు ఇంకో విచిత్రం జరుగుతుంది. అరచేతి చెమటకు అక్రిలిక్ దారం అదే సూదికి అతుక్కుని కీచుకీచుమంటుంది. వెదురు సూదులు దారాన్ని కొంచెం పట్టి ఉంచుతాయి, చేతికి వెచ్చగా తగలవు, చేయి జారినా ఉచ్చులు వెంటనే దూకవు. మా ఊళ్ళో ఇవి సులభంగా దొరకవు, తెప్పించుకోవాలి. అయినా మొదటి జతగా నేను వెదురుకే ఓటు వేస్తాను. మొన మాత్రం వేలితో తడిమి చూడండి, పేళ్ళు లేచి ఉంటే దారం పట్టుకుంటుంది.

రెండు సూదులను సన్నని తీగతో కలిపిన వలయం సూది గుండ్రటి టోపీలకే అని చాలామంది అనుకుంటారు. తిన్నటి ముక్కనూ దాని మీద అటూ ఇటూ తిప్పి అల్లవచ్చు. బరువంతా ఒడిలో ఉంటుంది, ఒక సూది పోగొట్టుకునే బాధ లేదు. ఆర్టీసీ బస్సులో కర్నూలు నుంచి అనంతపురం వెళ్తూ అల్లాలంటే ఇదే మేలు, మోచేయి పక్క సీటువారి పొట్టలో పొడవదు. తీగ పొడవు 80 సెంటీమీటర్లయితే చాలా పనులకు పనికొస్తుంది. ఇంట్లో కూర్చుని అల్లేవారికి మాత్రం తొందరలేదు, పొట్టి వెదురు జతతో మొదలుపెట్టండి.

దారం ఏ చేతిలో?

కుడిచేత్తో దారాన్ని సూది చుట్టూ తిప్పేది ఒక పద్ధతి. ఎడమచేతి చూపుడువేలి మీద దారం బిగించి, సూది మొనతో దాన్ని గీరుకుని లాగేది రెండోది. మొదటిది నెమ్మది, కానీ ప్రతి కదలికా కంటికి కనబడుతుంది. రెండోది చేయి తిరిగాక వేగం. క్రోషా ఇదివరకే వచ్చినవారికి ఎడమచేతిలో దారం అలవాటే కాబట్టి రెండోది హాయిగా ఉంటుంది. ఏమీ రానివారికి నా సలహా కుడిచేయి. ఏదైనా పట్టుకున్నాక వారం రోజులు మార్చకండి.

నా చేత ఎక్కువ విప్పించింది దారం ఏ చేతిలో ఉందన్నది కాదు. మా వీధిలో ఒక ఆంటీ ఉన్నారు. భర్త సైన్యంలో ఉన్నన్నాళ్ళూ ఉత్తరాదిలో తిరిగి అక్కడే అల్లిక నేర్చుకున్నారు. అల్లికకు మూలమైన రెండు కుట్లలో తిన్నటిదైన నిట్‌ను సీధా, దాన్ని తిరగేసినట్టుండే పర్ల్‌ను ఉల్టా అంటారు. సగం ఆవిడ దగ్గర, సగం వీడియోల్లో నేర్చుకున్నాను. గుడ్డ అల్లుతుంటే ఒక వరస విడిచి ఒక వరస కుట్లు మెలిపడి బిగుసుకుంటున్నాయి. ఇద్దరూ చెప్పినది చెప్పినట్టే చేస్తున్నాను మరి!

ఇలా చూడండి. సూది మీద ఉన్న ప్రతి ఉచ్చుకూ రెండు కాళ్ళుంటాయి, గుర్రమెక్కిన మనిషిలా ఒకటి సూదికి ఈవల, ఒకటి ఆవల. వీడియోల్లో చెప్పే పద్ధతిలో కుడికాలు మనవైపు ఉంటుంది. ఆంటీ పర్ల్ వేసేటప్పుడు దారాన్ని కిందినుంచి చుట్టేవారు, అలా చుడితే ఎడమకాలు మనవైపుకు వస్తుంది. తరువాతి వరసలో ఆవిడ ఆవలి కాలిలోకి సూది దూర్చేవారు, లెక్క సరిపోయేది. నేను పర్ల్ ఆవిడలా వేసి, నిట్ వీడియోలోలా ఈవలి కాలిలోకి దూర్చాను. ఉచ్చు మెడ దగ్గర మెలిపడింది. రెండు పద్ధతులూ సరైనవే, కలిపితేనే తంటా. ఏ పద్ధతిలో ఉన్నా గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే: ఎడమ సూది మొనకు ఏ కాలు దగ్గరగా ఉందో దానిలోకే దూర్చండి, అది ఈవల ఉన్నా ఆవల ఉన్నా సరే. కుట్టు మెలిపడదు.

ఆ మఫ్లర్‌లో పుట్టుకొచ్చిన పదకొండు కుట్ల సంగతీ ఇలాంటిదే. వరస పూర్తిచేసి ముక్కను తిప్పగానే దారం మన ముందు వేలాడుతుంది. నిట్‌కు అది వెనక్కి వెళ్ళాలి. సూది కిందుగా తీసుకెళ్తే ఏ గొడవా లేదు. నేను సూది మీదుగా వెనక్కి లాగేదాన్ని. అలా లాగితే మొదటి కుట్టు పైకి లేచి దాని రెండు కాళ్ళూ రెండు వేర్వేరు ఉచ్చుల్లా కనబడతాయి. రెండిట్లోనూ అల్లేస్తాం, ఒక కుట్టు పెరుగుతుంది. ప్రతి నాలుగు వరసలకూ ఒకసారి కుట్లు లెక్కపెట్టుకుంటే ఇది ముదరకముందే దొరుకుతుంది.

ఒక్కొక్కటిగానా, సూది లాగేసా?

తప్పు అదే వరసలో ఉంటే ఒక్కొక్క కుట్టే వెనక్కి అల్లుకుంటూ రండి. కింది వరస ఉచ్చులోకి ఎడమ సూది దూర్చి, పైదాన్ని వదిలి, దారం లాగడం. నెమ్మదే గాని ఏదీ జారదు. మూడు నాలుగు వరసల కింద ఉంటే అలా చేస్తే సాయంత్రమైపోతుంది, ధైర్యం చేసి సూది తీసేసి దారం లాగండి. తిరిగి ఎక్కించేటప్పుడు ఒక సైజు సన్నని సూది వాడితే ఉచ్చుల్లోకి సులువుగా దూరుతుంది.

ఇంకా భయం ఉంటే పది వరసలకోసారి వేరే రంగు కుట్టుదారాన్ని పెద్ద సూదిలో ఎక్కించి ఆ వరస ఉచ్చులన్నిట్లోంచీ పోనివ్వండి. ఎంత విప్పినా అక్కడ ఆగుతుంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే మా నాన్నగారికి ఆ చలికాలంలోనే మఫ్లర్ అందేది.

ఏమి అల్లాలి?

మొదట ఖాళీ సూది మీద కుట్లు ఎక్కించడానికి నాలుగైదు పద్ధతులు చెబుతారు. నిట్ కుట్టులాగే వేస్తూ కొత్త ఉచ్చును ఎడమ సూది మీదికి చేర్చే పద్ధతి తీసుకోండి, ఒక్క కదలిక నేర్చుకుంటే రెండు పనులకూ సరిపోతుంది. పొడుగు తోక వదిలి రెండు పోగులతో ఎక్కించేది అంచు చక్కగా ఇస్తుంది గాని ఎంత తోక వదలాలన్నది చిక్కు. ముక్క వెడల్పుకు మూడింతలు వదిలితే చాలు.

అన్నీ నిట్ కుట్లే వేస్తే గుడ్డ రెండువైపులా గట్లు గట్లుగా వస్తుంది, చదునుగా పడుకుంటుంది. ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ వేస్తే ముందువైపు నున్నగా షాపులో కొన్న స్వెట్టర్‌లా వస్తుంది. దాని అందం చూసి మోసపోయి మఫ్లర్ అల్లితే అంచులు చాపలా లోపలికి చుట్టుకుంటాయి, ఇస్త్రీ చేసినా మళ్ళీ చుట్టుకుంటాయి. మొదటి ముక్కకు అన్నీ నిట్ కుట్లే మేలు.

అందరూ మొదటి వస్తువుగా చెప్పేది మఫ్లర్. నేను వద్దంటాను. ఐదడుగులు ఒకే కుట్టు అల్లడం విసుగు, పూర్తయ్యేసరికి ఫిబ్రవరి వస్తుంది, ఆ తరువాత అది పది నెలలు బీరువాలో ఉంటుంది. పాపాయి టోపీ చిన్నది, బంధువుల ఇళ్ళలో గిరాకీ కూడా ఉంది. కానీ బిగుతు సరిగా రాకపోతే బిడ్డకు పట్టదు, లేకపోతే కళ్ళ మీదికి జారుతుంది. రెండో మూడో ప్రయత్నానికి ఉంచుకోండి. స్వెట్టర్ ఊసే ఇప్పుడు వద్దు.

నా ఓటు మసిగుడ్డకు. నూలుతో, 4 మిల్లీమీటర్ల సూదుల మీద 36 కుట్లు ఎక్కించి అన్నీ నిట్ వేస్తూ పోవడమే. గుడ్డ మీద ఒక్కో గట్టు అంటే రెండు వరసలు. 36 గట్లు లెక్కకు వచ్చేసరికి ఇంచుమించు చతురస్రం అవుతుంది. నమ్మకం కుదరకపోతే చేతిరుమాలులా మూలకు మూల మడిచి చూడండి. అంచు వంకరపోయినా, మధ్యలో ఒక కన్నం పడినా పొయ్యి దగ్గర ఎవరూ అడగరు. రెండు మడతలు వేసి పట్టుకుంటే వేడి గిన్నె దించవచ్చు. ముగించేటప్పుడు కుట్లను బిగించి మూయకండి, పై అంచు ముడుచుకుపోతుంది. ఆ ఒక్క వరసకు 4.5 మిల్లీమీటర్ల సూది వాడితే సమస్యే లేదు.

ఎవరి దగ్గర?

వీడియోలు వేగం తగ్గించి చూడవచ్చు, ఒకే కుట్టును ఇరవైసార్లు చూపించినా విసుక్కోవు. ఎడమచేతివాటం ఉన్నవారికి తగిన వీడియోలు వేరుగా ఉన్నాయి, అది పెద్ద సౌకర్యం. కానీ మీ చేతిలో ఉన్న ముక్కను చూసి తప్పెక్కడుందో వీడియో చెప్పలేదు. పక్కన కూర్చునే మనిషి చెబుతారు. మీ వీధిలో అలాంటి అత్తో, పిన్నో, ఆంటీయో ఉంటే నేర్చుకోవడం వారి దగ్గర పెట్టుకోండి, వీడియోలను అనుమానం తీర్చుకోవడానికి వాడండి. ఎవరూ లేకపోతే ఒకే వీడియో గురువును ఎంచుకుని రెండు వస్తువులు పూర్తయ్యేదాకా మరొకరి జోలికి పోకండి.

మా ఆంటీకి నేను ఇప్పటికీ పాడైన ముక్కలే తీసుకెళ్తాను. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, గుడ్డను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఏ కుట్టో వేలు పెట్టి చూపిస్తారు. తరువాత నా చేతికి ఇచ్చేసి, "ఇక్కడిదాకా విప్పమ్మా" అంటారు.